పెద్ద వయసు మగవారిలో ఎముక విరిగే ముప్పును అంచనా వేయడం ఎలా?

యాభై ఏళ్లు దాటిన మగవారిలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి, మిగిలిన జీవితకాలంలో, ఎముకల బలహీనత కారణంగా ఏదో ఒక ఎముక విరుగుతుంది. ఆడవారిలో ఈ లెక్క ముగ్గురిలో ఒకరు కావడంతో, బోలు ఎముకల వ్యాధి (ఆస్టియోపొరోసిస్) ఆడవారికే వస్తుందన్న అభిప్రాయం వైద్యుల్లో సైతం పాతుకుపోయింది. అయితే తుంటి ఎముక విరిగాక ఏడాదిలోపే ప్రాణం పోయే అవకాశం మగవారిలోనే ఎక్కువ. ఇంత తెలిసీ, మణికట్టు విరిగిన డెబ్బై ఏళ్ల మనిషికి కట్టు కట్టి, కొన్ని వారాలకు దాన్ని విప్పి ఇంటికి పంపించడంతోనే చాలాచోట్ల పని పూర్తయిందనుకుంటారు. ఆ ఎముక అంత తేలిగ్గా ఎందుకు విరిగిందని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నకు ఒక క్రమంలో జవాబు రాబట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ఇది ప్రధానంగా కుటుంబ వైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులను దృష్టిలో పెట్టుకొని రాసినదే అయినా, ఇంట్లో పెద్దవారిని వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లేవారికి కూడా ఏమి చెప్పాలో, ఏ కాగితాలు వెంట ఉంచుకోవాలో తెలుస్తుంది.

మనం తేల్చవలసింది ఈ మనిషికి రాబోయే సంవత్సరాల్లో ఎముక విరిగే అవకాశం ఎంత అన్నది. ఎముక సాంద్రత, అంటే ఎముకలో ఖనిజం ఎంత చిక్కగా ఉందన్నది, ఆ లెక్కలో ఒక అంశం మాత్రమే. తేలికపాటి దెబ్బకే ఎముక విరిగి వచ్చేవారిలో ఎక్కువమందికి స్కాన్‌లో సాంద్రత ‘వ్యాధి’ అని పేరు పెట్టేంత తక్కువగా ఉండదు. అందుకే స్కాన్‌కు పంపడానికి ముందు ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలకు, గోడకు ఆనించి కొలిచే ఎత్తుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మగవారి విషయంలో తేడా ఎక్కడుందో కూడా గుర్తుంచుకోవాలి. వారి ఎముకలు మొదటి నుంచీ పెద్దవి, మందమైనవి. ఆడవారిలో నెలసరి ఆగిపోయాక కొన్నేళ్లపాటు ఎముక వేగంగా కరిగిపోయే దశ ఒకటి ఉంటుంది. మగవారిలో అటువంటి దశ లేకపోవడంతో నష్టం నెమ్మదిగా సాగుతుంది, తుంటి విరగడం కూడా సాధారణంగా ఆడవారి కంటే ఒక దశాబ్దం ఆలస్యంగా మొదలవుతుంది. మగవారి ఎముకను కాపాడటంలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కు ఎంత పాత్ర ఉందో, అదే టెస్టోస్టిరాన్ నుంచి శరీరంలో తయారయ్యే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌కు కూడా అంతే ముఖ్యమైన పాత్ర ఉంది. వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఎముకలు గుల్లబారిన మగవారిలో సుమారు సగం మందిలో దాని వెనుక మరో జబ్బో, మందో, అలవాటో దాగి ఉంటుంది. కాబట్టి మగవారిని పరీక్షించడమంటే చాలావరకు కారణాన్ని వెతకడమే.

ఎవరిని పరీక్షించాలి

హార్మోన్ల వైద్య నిపుణుల సంస్థ అయిన ఎండోక్రైన్ సొసైటీ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డెబ్బై ఏళ్లు నిండిన మగవారందరికీ, యాభై నుంచి అరవై తొమ్మిది ఏళ్ల మధ్య వారిలో ముప్పు పెంచే అంశాలు ఉన్నవారికి ఎముక సాంద్రత పరీక్ష చేయించాలి. ముందస్తు పరీక్షలపై సలహాలిచ్చే అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ మాత్రం, ఏ లక్షణమూ లేని మగవారందరినీ వరుసగా పరీక్షించాలని చెప్పడానికి తగినంత ఆధారం లేదంటుంది. ఈ రెండింటి మధ్య తేడా పైకి కనిపించినంత పెద్దది కాదు; రెండోది ‘ఆధారం చాలదు’ అంటోందే గాని ‘అవసరం లేదు’ అనడం లేదు. నా అభిప్రాయంలో వరుసలో అందరికంటే ముందుండవలసినవాడు వయసులో పెద్దవాడు కాదు, యాభై దాటాక ఒకసారి ఎముక విరిగినవాడు. ఒకసారి విరిగాక మరోసారి విరిగే ముప్పు మొదటి రెండేళ్లలో అత్యధికంగా ఉంటుంది కాబట్టి, అతని విషయంలో నెలల తరబడి వాయిదా వేయడం తగదు.

అడగవలసిన ప్రశ్నలు

మొదట విరిగిన ఎముకల గురించి అడగాలి. ‘మీకు ఎప్పుడైనా ఎముక విరిగిందా?’ అంటే ‘విరిగింది గానీ, అప్పుడు గట్టిగా పడ్డానులెండి’ అన్న జవాబు వస్తుంది. మగవారు తమ ఎముక బలహీనంగా ఉందని ఒప్పుకోవడానికి ఇష్టపడరు. తప్పంతా నేలమీదికో, మెట్లమీదికో నెట్టేస్తారు. అందువల్ల ఎలా పడ్డారో, ఎంత ఎత్తు నుంచి పడ్డారో విడమరచి అడగాలి. నిలబడినచోటనే జారి పడితేనో, మంచం మీద నుంచి దిగుతూ తూలితేనో, దగ్గినప్పుడు పక్కటెముక పుటుక్కుమంటేనో అది బలహీనమైన ఎముకే. నిలువెత్తు నుంచి పడిన దెబ్బకు ఆరోగ్యవంతుడైన ముప్ఫై ఏళ్ల మనిషి ఎముక విరిగేదా అని ఆలోచిస్తే నిర్ణయం తేలికవుతుంది. వేళ్లు, ముఖం, పుర్రె ఎముకలు విరగడాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు.

వెన్నుపూసలది వేరే కథ. అవి విరిగినప్పుడు మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఆ సంగతి ఎవరి దృష్టికీ రాదు. వంగి ఏదో ఎత్తినప్పుడు నడుము పట్టేసిందని కొన్నాళ్లు నొప్పి మాత్రలు వేసుకొని ఊరుకుంటారు. కాబట్టి ఎప్పుడైనా హఠాత్తుగా మొదలై వారాల తరబడి వేధించిన నడుమునొప్పి గురించి ప్రత్యేకంగా అడగాలి. న్యుమోనియాకో, గుండెజబ్బుకో గతంలో తీయించిన ఛాతీ ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు ఉంటే తెప్పించి చూడాలి. వెన్నుపూస ముందువైపు అణిగి ఉన్నా, ఊపిరితిత్తుల మీద దృష్టి పెట్టినవారు ఆ సంగతిని నివేదికలో రాయకుండా వదిలేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు జబ్బు పేరు చెప్పి అడిగితే లాభం లేదు. అమ్మకుగానీ నాన్నకుగానీ తుంటి విరిగిందా, పెద్దతనంలో పడిపోయి మంచం పట్టారా అని అడగాలి. ఆ తరంలో చాలామందికి రోగ నిర్ధారణ జరగలేదు కాబట్టి ఈ రూపంలోనే నిజం బయటపడుతుంది.

మందుల విషయంలో జ్ఞాపకం మీద ఆధారపడకుండా మాత్రల పెట్టెనే తెప్పించి చూడటం మంచిది. అన్నిటికంటే ముందు వెతకవలసింది స్టెరాయిడ్. రోజుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను మూడు నెలలకు పైగా వాడినవారిలో ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. పైగా ఎముక నష్టం మొదటి నెలల్లోనే అతి వేగంగా జరుగుతుంది. ఆయాసానికో, కీళ్లవాపుకో విడతలు విడతలుగా వాడిన స్టెరాయిడ్లను రోగి ‘రోజూ వాడలేదు కదా’ అని చెప్పకుండా వదిలేస్తాడు. రెండోది ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం టెస్టోస్టిరాన్‌ను అణచివేసే చికిత్స. ల్యూప్రోలైడ్, గోసెరెలిన్ వంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రోజునే ఎముకల అంచనా కూడా మొదలుకావాలి. క్యాన్సర్ వైద్యుడు కుటుంబ వైద్యుడు చూస్తాడని, కుటుంబ వైద్యుడు క్యాన్సర్ వైద్యుడు చూస్తాడని అనుకోవడంతో ఈ పని తరచుగా మధ్యలో పడిపోతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపిన్, మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్, ఏళ్ల తరబడి వేసుకొనే ఆమ్లం తగ్గించే మాత్రలు, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు కూడా జాబితాలో ఉండాలి.

పొగతాగడం, మద్యం సంగతి సూటిగా అడగాలి. మద్యం రోజుకు మూడు యూనిట్లు లేదా అంతకు మించితే లెక్కలోకి వస్తుంది. ఒక యూనిట్ అంటే సుమారు 8 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్. ‘అప్పుడప్పుడు’ అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా ఏ పానీయం, ఎంత, వారానికి ఎన్నిసార్లు అన్నది రాసుకోవాలి. కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్), దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, మూత్రపిండాల జబ్బు, పేగుల్లో పోషకాలు ఒంటికి పట్టని జబ్బులు, జీర్ణాశయానికి జరిగిన శస్త్రచికిత్సలు, పక్షవాతం, పార్కిన్సన్స్ వంటివి ఉన్నాయేమో చూడాలి. టైప్ 2 మధుమేహం ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారిలో సాంద్రత మామూలుగానో, ఎక్కువగానో కనిపిస్తూనే ఎముక తేలిగ్గా విరుగుతుంది.

చివరగా గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారో అడగాలి. పడకపోతే బలహీనమైన తుంటి ఎముక కూడా చాలావరకు నిలిచే ఉంటుంది. నిద్రమాత్రలు, రక్తపోటు మందులు, రాత్రిపూట మూత్రానికి పదేపదే లేవడం, చూపు మసకబారడం, పాదాల తిమ్మిరి వంటి కారణాలను ఇక్కడే గుర్తించాలి.

ఒంటిని పరీక్షించడం

ఎత్తు కొలవడం అందరికీ తెలిసిన పనిలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని సరిగ్గా చేసేవారు తక్కువ. చెప్పులు, సాక్సులు విప్పించి, మడమలు, పిరుదులు, వీపు గోడకు తాకేలా నిలబెట్టి, చూపు నేరుగా ముందుకు ఉండేలా చెప్పి, ఊపిరి నిండా పీల్చుకోమన్నాక కొలవాలి. ఆ స్థితిలో తల వెనుక భాగం గోడకు తగలకపోతే మధ్యలో ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో అదీ రాసుకోవాలి. వీపు పైభాగం ఎంత వంగిందో దాన్నిబట్టి తెలుస్తుంది. యవ్వనంలో ఉన్న ఎత్తు పాస్‌పోర్టులోనో, ఉద్యోగంలో చేరినప్పటి వైద్య పరీక్ష కాగితంలోనో దొరుకుతుంది. అప్పటికీ ఇప్పటికీ 4 సెంటీమీటర్లు లేదా అంతకు మించి తగ్గినా, మీ దగ్గరే ఇంతకుముందు కొలిచినదానికంటే 2 సెంటీమీటర్లు తగ్గినా వెన్నెముక చిత్రం తీయించవలసిందే. నిలబెట్టి వెనుక నుంచి చేతులు పెట్టి చూసినప్పుడు చివరి పక్కటెముకకు, కటి ఎముక అంచుకు మధ్య రెండు వేళ్లు కూడా పట్టకపోతే వెన్నుపూస విరిగి ఉండవచ్చన్న అనుమానం బలపడుతుంది.

కండరాల బలం, తూలే స్వభావం చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు. కుర్చీలో కూర్చున్న మనిషిని లేచి, మామూలు వేగంతో మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ కూర్చోమనాలి. దీనికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే. గడియారం చూస్తూనే మనిషినీ చూడాలి. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవలేకపోవడం, తిరిగేటప్పుడు ఆగి ఆగి చిన్న అడుగులు వేయడం, కూర్చునేటప్పుడు ధబాలున కూలబడటం సెకన్ల లెక్కలో కనిపించని సంగతులు. పడుకోబెట్టి, తరువాత నిలబెట్టి మూడు నిమిషాల్లోపు రక్తపోటు చూడాలి. పై అంకె 20 మేరగానీ కింది అంకె 10 మేరగానీ తగ్గితే మందులను తిరిగి పరిశీలించాలి. శరీరంపై వెంట్రుకలు పలచబడటం, రొమ్ములు పెరగడం, వృషణాలు చిన్నబడటం వంటి టెస్టోస్టిరాన్ లోపపు గుర్తులను మొహమాటం లేకుండా పరీక్షించాలి.

డెక్సా నివేదికను చదవడం

ఎముక సాంద్రతకు ప్రామాణికమైన పరీక్ష డెక్సా, అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో చేసే స్కాన్. నడుములోని నాలుగు పూసలు, తుంటి దీనిలో కొలుస్తారు. ఆరోగ్యవంతులైన యువ వయస్కుల సగటుతో పోల్చి వచ్చే సంఖ్య టి-స్కోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో స్థిరపరచిన నిర్వచనం ప్రకారం అది -2.5 లేదా అంతకంటే తక్కువైతే ఆస్టియోపొరోసిస్, -1కి -2.5కి మధ్య ఉంటే సాంద్రత తగ్గిన స్థితి. యాభై నిండని మగవారికి టి-స్కోరు వాడకుండా, అదే వయసువారితో పోల్చే జెడ్-స్కోరు వాడాలి. మగవారిని యువతుల సగటుతో పోల్చాలా, యువకుల సగటుతో పోల్చాలా అన్న విషయంలో సంస్థల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఎముక సాంద్రత కొలతల నిపుణుల సంస్థ అయిన అంతర్జాతీయ డెన్సిటోమెట్రీ సొసైటీ యువతుల సగటునే సూచిస్తుంది. మీ కేంద్రం ఏది వాడుతోందో ఒకసారి కనుక్కోవడం మంచిది, ఎందుకంటే అదే మనిషికి రెండు పద్ధతుల్లో రెండు వేర్వేరు పేర్లు రావచ్చు.

నివేదికలోని చివరి సంఖ్య ఒక్కటే చూసి కాగితం మడిచేయకూడదు. పెద్ద వయసు మగవారి నడుము స్కాన్ తరచుగా మోసం చేస్తుంది. పూసల అంచుల్లో పెరిగిన ఎముక మొనలు, అరిగిపోయిన కీళ్లు, సున్నం పట్టిన బృహద్ధమని కూడా స్కాన్‌లో ఎముకలాగే లెక్కలోకి వచ్చి సాంద్రతను పెంచి చూపిస్తాయి. ఉదాహరణకు ఒక నివేదికలో టి-స్కోరు మొదటి పూసకు -2.7, రెండోదానికి -2.4, మూడోదానికి -0.6, నాలుగోదానికి +0.8 అని ఉందనుకుందాం. మొత్తం సగటు చూస్తే భయపడవలసింది ఏమీ కనిపించదు. కానీ పక్క పూసతో పోలిస్తే టి-స్కోరులో ఒకటికి మించి తేడా ఉన్న పూసను పక్కన పెట్టాలన్నది నియమం. మూడు, నాలుగు పూసలను వదిలేసి మొదటి రెండింటితో లెక్కిస్తే అసలు పరిస్థితి బయటపడుతుంది. కనీసం రెండు పూసలు మిగలకపోతే నడుము లెక్కను పూర్తిగా వదిలేసి తుంటి మీద ఆధారపడాలి. విరిగి అణిగిన పూస కూడా సాంద్రత ఎక్కువగా చూపిస్తుందని మరచిపోకూడదు.

తుంటి చిత్రంలో కాలును లోపలికి తిప్పి ఉంచారా లేదా చూడాలి. తొడ ఎముక లోపలి వైపున ఉండే చిన్న బొడిపె కొద్దిగా మాత్రమే కనిపిస్తే కాలు సరిగ్గా ఉన్నట్టు. అది పెద్దగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే కొలత నమ్మదగినది కాదు. రెండు తుంట్లకూ కీలు మార్పిడి జరిగినా, మెడలో ఉండి రక్తంలో కాల్షియంను నియంత్రించే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నా, బరువు వల్ల బల్ల మీద పడుకోబెట్టడం సాధ్యం కాకపోయినా ఎక్కువగా వాడని చేతిలో, మణికట్టుకు కాస్త పైన ముంజేతి ఎముకను కొలవాలి. టెస్టోస్టిరాన్ అణచే చికిత్సలో ఉన్నవారికి కూడా ఈ కొలత ఉపయోగపడుతుంది. మడమ దగ్గర అల్ట్రాసౌండ్‌తో చూపించే సంఖ్యకు పై నిర్వచనం వర్తించదు; దానితో రోగ నిర్ధారణ చేయకూడదు.

ఎత్తు తగ్గినవారికి, దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినవారికి, సాంద్రత తగ్గిన ఎనభై దాటిన మగవారికి వెన్నెముక పక్క నుంచి తీసిన చిత్రం కూడా అవసరం. పూస ఎత్తు 20 నుంచి 25 శాతం తగ్గితే స్వల్పం, 25 నుంచి 40 శాతం అయితే మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం అని లెక్కిస్తారు. తేలికపాటి దెబ్బకే తుంటిగానీ వెన్నుపూసగానీ విరిగిందని తేలితే టి-స్కోరు ఎంత ఉన్నా అది ఆస్టియోపొరోసిసే.

ఫ్రాక్స్ లెక్క, దాని హద్దులు

షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన ఫ్రాక్స్ అనే లెక్కింపు సాధనం, 40 నుంచి 90 ఏళ్ల మధ్య వారికి రాబోయే పదేళ్లలో ప్రధానమైన ఎముకలు (వెన్నుపూస, తుంటి, ముంజేయి, భుజం) విరిగే అవకాశాన్ని, విడిగా తుంటి విరిగే అవకాశాన్ని శాతాల్లో చెబుతుంది. వయసు, బరువు, ఎత్తు, గతంలో ఎముక విరగడం, తల్లిదండ్రులకు తుంటి విరగడం, పొగ, మద్యం, స్టెరాయిడ్, కీళ్లవాతం వంటి వివరాలు ఇస్తే చాలు. తుంటి దగ్గర తొడ ఎముక మెడభాగపు సాంద్రత తెలిస్తే కలపవచ్చు, లేకున్నా లెక్క వస్తుంది. దేశాన్ని బట్టి నమూనా మారుతుంది కాబట్టి సరైన దేశాన్ని ఎంచుకోవాలి. చికిత్స మొదలుపెట్టే హద్దు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు: అమెరికాలో ప్రధాన ఎముకలకు 20 శాతం లేదా తుంటికి 3 శాతం అయితే, బ్రిటన్‌లో హద్దు వయసును బట్టి మారుతుంది.

ఈ లెక్కను గుడ్డిగా నమ్మేవారికి నేను చెప్పేది ఒకటే: అది అడగని ప్రశ్నలేమిటో ముందు తెలుసుకోండి. మామూలు ఫ్రాక్స్ ఎన్నిసార్లు పడ్డారో అడగదు. ఎముక ఒకసారి విరిగినా నాలుగుసార్లు విరిగినా, పోయిన నెల విరిగినా పదేళ్ల కిందట విరిగినా ఒకే గడిలో ‘అవును’ అని పెట్టాలి. నడుము సాంద్రతను పట్టించుకోదు. స్టెరాయిడ్ మోతాదు అడగదు, రోజుకు 7.5 మిల్లీగ్రాములకు మించి ప్రెడ్నిసొలోన్ వాడుతుంటే ప్రధాన ఎముకల శాతాన్ని దాదాపు 15 శాతం మేర, తుంటి శాతాన్ని 20 శాతం మేర పెంచి చదువుకోవాలి, అంటే 10 వచ్చిన చోట ప్రధాన ఎముకలకు 11.5గా తీసుకోవాలి. టైప్ 2 మధుమేహానికి గడి లేదు కాబట్టి, కీళ్లవాతం గడిలో ‘అవును’ అని పెట్టి ఆ లోటును కొంత సరిచేయడం చాలామంది అనుసరించే పద్ధతి. పడిపోవడాన్ని, ఎముక ఎన్నిసార్లు విరిగిందన్నదాన్ని లెక్కలోకి తీసుకొనే గార్వన్ లెక్కింపు సాధనాన్ని తరచూ పడిపోయేవారి, పలుమార్లు ఎముక విరిగినవారి విషయంలో పక్కన పెట్టుకొని చూడటం ఉపయోగం.

కారణాన్ని వెతికే రక్తపరీక్షలు

సాంద్రత తక్కువని తేలినా, ఎముక విరిగినా కొన్ని పరీక్షలు అందరికీ చేయించాలి: రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే పరీక్ష), కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫేట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, థైరాయిడ్, 25-హైడ్రాక్సీ విటమిన్ డి. టెస్టోస్టిరాన్ కోసం రక్తం ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య, పరగడుపున తీయాలి. తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూశాకే నిర్ధారించాలి. మధ్యాహ్నం తీసిన రక్తంతో లోపం ఉందని ముద్ర వేయడం సరికాదు. విటమిన్ డి బాగా తక్కువై, ఫాస్ఫేట్ తగ్గి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే అది ఆస్టియోపొరోసిస్ కాకుండా ఎముక మెత్తబడే ఆస్టియోమలేషియా కావచ్చు. రెండింటికీ చికిత్స వేరు. వెన్నుపూస విరగడంతో పాటు రక్తహీనత, పెరిగిన ఈఎస్ఆర్, పెరిగిన కాల్షియం, దెబ్బతిన్న మూత్రపిండాలు కనిపిస్తే ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్ అయిన మైలోమా కోసం సీరం ప్రొటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు ఆలస్యం లేకుండా పంపాలి. కాల్షియం ఎక్కువగా ఉంటే పారాథైరాయిడ్ హార్మోన్, కారణం దొరకని రక్తహీనతో, బరువు తగ్గడమో ఉంటే సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పేగులకు పడని జబ్బు) పరీక్ష, మూత్రంలో రాళ్లు వచ్చినవారికి 24 గంటల మూత్రంలో కాల్షియం చూడాలి.

తరువాతి మెట్టు

తుంటిగానీ వెన్నుపూసగానీ విరిగినవారికి, టి-స్కోరు -2.5 లేదా అంతకు తక్కువైనవారికి, ఫ్రాక్స్ శాతం హద్దు దాటినవారికి మందుల గురించి నిపుణులతో మాట్లాడాలి. ఏ మందైనా మొదలుపెట్టేముందు విటమిన్ డి, కాల్షియం సరిగ్గా ఉన్నాయో, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో, పళ్లకు చేయించవలసిన పెద్ద చికిత్సలు ఏవైనా మిగిలి ఉన్నాయో చూసుకోవాలి. ఎముక నష్టాన్ని ఆపే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఎంచుకొంటే ఆరు నెలలకోసారి తప్పకుండా వేయించుకోగలరా అన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే దాన్ని హఠాత్తుగా ఆపేస్తే ఒకేసారి పలు వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. హద్దుకు కిందనే ఉన్నా తరచూ పడిపోతున్నవారికి ఫిజియోథెరపీ, మందుల సవరణ, కంటి పరీక్ష వెంటనే మొదలుకావాలి. వీటికి ఏ శాతం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

మళ్లీ డెక్సా ఎప్పుడన్నది పరిస్థితిని బట్టి ఉంటుంది. చికిత్స మొదలుపెట్టినవారికి సాధారణంగా ఒకటి రెండేళ్లకు, స్టెరాయిడ్ లేదా టెస్టోస్టిరాన్ అణచే చికిత్సలో ఉన్నవారికి ఏడాదికే చేయిస్తారు. వీలైతే అదే యంత్రం మీద చేయించాలి, ఎందుకంటే రెండు యంత్రాల సంఖ్యలను నేరుగా పోల్చడం కుదరదు. పోల్చేటప్పుడు టి-స్కోరును కాకుండా చదరపు సెంటీమీటరుకు గ్రాముల్లో ఇచ్చిన సాంద్రతనే చూడాలి. ఆ కేంద్రం తన కొలతల పొరపాటు హద్దుగా చెప్పిన సంఖ్యకు మించి మారితేనే అది నిజమైన మార్పు. ఈలోగా కొత్తగా ఎముక విరిగినా, స్టెరాయిడ్ మొదలైనా, ఎత్తు తగ్గినా తేదీ కోసం ఆగకుండా మొదటి నుంచీ అంచనా వేయాలి.